ప్రయోగశాలలో బడిపిల్లలకు పనేమిటి అనేవారికి

ఈ మధ్య ఫోన్లలో చేతులు మారుతున్న సందేశం సారాంశం ఇది: ప్రజల పన్నులతో నడిచే పరిశోధన సంస్థలు బడిపిల్లలను పిలిచి ప్రయోగశాలలు చూపించడం ఫొటోల కోసం జరిపే తంతు. శాస్త్రవేత్తల సమయం వృథా, పిల్లలకు ఒరిగేది సున్నా, పైగా ప్రమాదం, తెలివైనవాళ్లు ఎలాగూ అక్కడికి చేరతారు. ఒక్కో ఆరోపణా చూద్దాం.

"ఫొటోల తంతు." ఇందులో కొంత నిజముంది. 2017 జులైలో దేశమంతా ప్రయోగశాలలు నడిపే ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్, కేంద్రీయ విద్యాలయ సంఘటన్ కలిసి 'జిజ్ఞాస' మొదలుపెట్టినప్పుడు 1,151 కేంద్రీయ విద్యాలయాలను 38 ప్రయోగశాలలకు జోడించి ఏటా లక్ష మంది విద్యార్థులను చేరాలనుకున్నారు. అంతమందిలో చాలామందికి దక్కేది ఒక పూట సందర్శనే. అద్దాల తలుపు బయటి నుంచి యంత్రాలు చూసి, సమోసా తిని బస్సెక్కితే మిగిలేది తక్కువే. కానీ రోజుల తరబడి శాస్త్రవేత్తల పక్కన కూర్చుని పనిచేయడం వేరు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో 8 నుంచి 10 తరగతుల వారికోసం పెట్టిన యంగ్ ఇన్నోవేటర్స్ కార్యక్రమం, పుణెలోని ఖగోళశాస్త్ర పరిశోధన కేంద్రం అయూకాలో పిల్లలు వారంపాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకునే వేసవి శిబిరం ఆ కోవలోవి. సందేశం రాసినవారు రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

"ఒరిగేది సున్నా." అసలు తగువు ఇక్కడే. బడిలో ప్రయోగానికి జవాబు ముందే అచ్చయి ఉంటుంది. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అని రికార్డు నింపి సంతకం పెట్టించుకుంటే సరి. నిజమైన ప్రయోగశాలలో రెండు మైక్రోలీటర్ల ద్రవం, అంటే చిన్న చుక్కకన్నా తక్కువ, తీయాల్సి వస్తుంది. ద్రవాన్ని కొలిచి తీసే పరికరం పిపెట్ మీట మొదటి మజిలీ దగ్గర ఆగకుండా అడుగుదాకా నొక్కి వదిలితే ద్రవం ఎక్కువగా వస్తుంది, లెక్క తప్పుతుంది. సాయంత్రం డీఎన్ఏ ముక్కలను వేరుచేసి చూపే జెల్‌లో డీఎన్ఏ గీత రావలసిన చోట ఏమీ కనబడకపోవచ్చు. పక్కనున్న పరిశోధక విద్యార్థిని "నిన్న నాకూ రాలేదు, మళ్లీ చేద్దాం" అంటే, విఫలమైన ప్రయోగానికి మార్కులు తెగవని బడి నుంచి వచ్చిన పిల్లకు మొదటిసారి తెలుస్తుంది. ఏ కోచింగ్ సెంటరూ ఇది నేర్పదు, నేర్పాల్సిన అవసరం దానికి లేదు కూడా.

ఇంగ్లండ్‌లో 10–14 ఏళ్ల పిల్లలపై సాగిన 'ఆస్పైర్స్' అధ్యయనం 2013లో చెప్పిందేమిటంటే, సైన్సు పాఠాలు ఆసక్తిగా ఉన్నాయన్న పిల్లలు ఎక్కువే, శాస్త్రవేత్త కావాలనుకున్నవారు మాత్రం సుమారు 15 శాతమే. పాఠం నచ్చినంత మాత్రాన ఆ పని తనలాంటివారిదని పిల్లలకు అనిపించదు. ఆ వయసు కోరికలను తేలిగ్గా తీసేయడానికీ లేదు. 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, ఎనిమిదో తరగతిలోనే సైన్సు వృత్తిలో ఉంటామనుకున్నవారు, అలా అనుకోనివారికంటే జీవశాస్త్రాల్లో 1.9 రెట్లు, భౌతికశాస్త్రాలు, ఇంజనీరింగులో 3.4 రెట్లు ఎక్కువగా పట్టా పొందే అవకాశం కనిపించింది. ప్రయోగశాలకు తీసుకెళ్తే ఆ కోరిక పుడుతుందని ఆ అధ్యయనం నిరూపించలేదు. అయితే 'పెద్దయ్యాక చూద్దాంలే' అన్న వాదన మాత్రం దాని ముందు నిలవదు.

"శాస్త్రవేత్తల పని పరిశోధన, పాఠాలు కాదు." 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పల్లె బడుల్లో ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పే కార్యక్రమం మొదలైంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దానికి అండగా నిలిచి ఉపాధ్యాయులతో కలిసి పనిచేశారు. 2002లో ప్రభుత్వం ఆపేసేవరకు అది వందల బడులకు పాకింది. ఆ శాస్త్రవేత్తల సంస్థల్లో పరిశోధన దీనివల్ల ఆగిపోలేదు.

"ప్రమాదం." రేడియోధార్మిక పదార్థాలు, ప్రమాదకర సూక్ష్మజీవులు ఉండే గదుల్లోకి పిల్లలను ఎవరూ పంపరు. సబ్బునీళ్లు, ఉప్పు, చల్లని ఆల్కహాల్‌తో అరటిపండు డీఎన్ఏ తీయడానికి కావలసింది పక్కన పెద్దవారు ఒకరు.

చివరిగా, "తెలివైనవాళ్లు ఎలాగూ అక్కడికి చేరతారు." చేరేది ఎక్కువగా దారి తెలిసిన ఇళ్ల పిల్లలు. మార్కులు, ఇంగ్లిష్ ఇంటర్వ్యూ చూసి ఎంపిక చేసే చోట ఈ కార్యక్రమాలూ వాళ్లకే చేరతాయి. 2019లో ఇస్రో తొమ్మిదో తరగతి పిల్లలకు పెట్టిన 'యువిక'లో గ్రామీణ బడులకు ప్రాధాన్యం ఇచ్చారు, మిగతా సంస్థలు ఆ మాత్రమైనా చేయాలి. సందేశం పంపేవారు నిలదీయాలనుకుంటే, ఈ ఏడాది తీసుకున్న పిల్లల్లో తెలుగు మాధ్యమం ప్రభుత్వ బడుల వారెందరని అడగండి.