తూర్పు ఆఫ్రికా పల్లెలకు సాయం దండగ అనేవాళ్లకు జవాబు

తూర్పు ఆఫ్రికా పల్లెల గురించి ఒక మెసేజ్ రకరకాల రూపాల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఎన్ని కోట్లు పోసినా అక్కడ ఏమీ మారదట. జనం ఎవరో వచ్చి చేసిపెడతారని కూర్చుంటారట, పిల్లల్ని కని నేలను ఎడారి చేశారట, చేతికి డబ్బిస్తే తాగేస్తారట. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపుతుంటే బాధ కలుగుతోంది. ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

"సొంతంగా ఏమీ చేసుకోరు."

కెన్యాలో నైరోబీకి తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో మచాకోస్, మకువేని, కితుయి ప్రాంతాలున్నాయి. అది కాంబా ప్రజల నేల. వానలు ఏడాదికి రెండు విడతలు, అవీ నమ్మకం లేనివి. వాన పడ్డప్పుడు ఏరు పొంగుతుంది, ఆ తర్వాత ఇసుకే మిగులుతుంది. రాయలసీమలో ఏటి ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకున్నవాళ్లకు ఈ కష్టం వేరే చెప్పక్కర్లేదు. అక్కడి ఆడవాళ్లదీ అదే పని, ఎండ ముదిరేకొద్దీ చెలమ ఇంకా లోతుకు పోతుంది.

1978లో మచాకోస్ ప్రాంతంలోని కోలాలో జాషువా ముకుస్యా, ఇరుగుపొరుగు కుటుంబాలు కలిసి ఉటూని అనే సంఘం పెట్టుకున్నారు. ఏటికి అడ్డంగా బండ తగిలేదాకా తవ్వి గట్టి కట్ట కట్టడం మొదలుపెట్టారు. వరద వచ్చినప్పుడల్లా కట్ట వెనక ఇసుక చేరుతుంది, ఇసుక సందుల్లో నీరు నిలుస్తుంది. మేట పరిమాణంలో 25 నుంచి 40 శాతం దాకా నీరే ఉండొచ్చు. పైన ఇసుక కప్పి ఉంటుంది కాబట్టి ఎండకు అంతగా ఆవిరి కాదు, దోమలు గుడ్లు పెట్టవు. ఇలాంటి కట్టలకు బయటి సంస్థలు ఇచ్చేది ముఖ్యంగా సిమెంటు, ఇనుము, ఇంజినీరు సలహా. రాళ్లు ఏరేదీ, ఇసుక మోసేదీ, కూలి తీసుకోకుండా రోజుల తరబడి పనిచేసేదీ ఊరి సంఘాలే. వాటిలో ఆడవాళ్లే ఎక్కువ.

అన్ని కట్టలూ బాగా పనిచేయలేదు, అది కూడా చెప్పాలి. చోటు సరిగ్గా చూడకుండా కట్టినచోట ఇసుకకు బదులు ఒండ్రు నిండి నీరు తక్కువే దొరికింది. కానీ అది సోమరితనం వల్ల వచ్చింది కాదు.

బడుల సంగతి కూడా అంతే. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక కెన్యా పల్లెలు ప్రభుత్వం కోసం ఆగకుండా చందాలు వేసుకుని, శ్రమదానం చేసి "హరంబే" (అందరం కలిసి లాగుదాం అని అర్థం) హైస్కూళ్లు కట్టుకున్నాయి. ఒక దశలో సర్కారు హైస్కూళ్ల కంటే ఇవే ఎక్కువ ఉండేవి.

"జనాభా పెరిగి నేలంతా ఎడారైంది."

ఈ మాట కొత్తది కాదు. 1937లోనే ఒక బ్రిటిష్ అధికారి మచాకోస్ రాళ్లూ ఇసుకా మిగిలిన ఎడారి అయిపోతోందని రాశాడు. ఆ తర్వాత 1990 నాటికి అక్కడి జనాభా అయిదు రెట్లకు పైగా పెరిగింది. నేల కోత మాత్రం తగ్గింది, తలసరి పంట విలువ కూడా పెరిగింది. వలస పాలకులు బలవంతంగా వేయించిన సన్నగట్లు రైతులకు నచ్చలేదు. వాలులో కాలువ తవ్వి, ఆ మట్టిని పైకి ఎగదోసే పద్ధతిని వాళ్లే ఇష్టపడి పొలం తర్వాత పొలం గట్లు వేసుకున్నారు. నైరోబీ మార్కెట్ దగ్గరగా ఉండటం, కాఫీ ఆదాయం కలిసొచ్చాయి. కానీ పార పట్టింది రైతులే.

"ప్రాజెక్టులన్నీ మూలపడ్డాయి."

కొన్ని పడ్డాయి. ఉత్తర కెన్యాలో తుర్కానా సరస్సు ఒడ్డున కలొకోల్‌లో నార్వే సాయంతో చేపల ఫ్యాక్టరీ కట్టారు. తుర్కానా ప్రజల్లో ఎక్కువమంది పశువులు మేపుకునేవాళ్లు. పైగా ఆ ఎండల్లో చేపను గడ్డకట్టించే ఖర్చు తట్టుకోలేనిదైంది. ఫ్యాక్టరీ కొన్నాళ్లకే ఆగిపోయింది. ఆ ప్లాను గీసింది పల్లెవాళ్లు కాదు కదా, వాళ్లను ఎందుకు తిట్టాలి?

"డబ్బిస్తే తాగేస్తారు."

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే, ఎందుకంటే దీన్ని కొలిచి చూశారు. పశ్చిమ కెన్యాలోని రరియెడాలో గివ్‌డైరెక్ట్లీ సంస్థ పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా, మొబైల్ ఫోన్‌కే డబ్బు పంపింది. డబ్బు అందనివాళ్లతో పోల్చి చూస్తే సారా, పొగాకు ఖర్చు పెరగలేదు. జనం పశువులు కొన్నారు, గడ్డి కప్పు తీసి రేకులు వేయించుకున్నారు, తిండి మెరుగుపడింది. తర్వాత సియాయా ప్రాంతంలో ఇంకా పెద్ద పరిశీలన జరిగింది. 653 ఊళ్లను ఎంచుకుని, వాటిలో దాదాపు సగం ఊళ్లలో 10,500కు పైగా కుటుంబాలకు తలా సుమారు 1,000 డాలర్లు ఇచ్చారు. వాళ్లు ఊళ్లోనే ఖర్చుపెట్టడంతో కొట్టువాళ్లకు బేరం, పనివాళ్లకు కూలి పెరిగాయి. పైసా అందని పొరుగు కుటుంబాలు కూడా ఇంతకుముందు కంటే ఎక్కువ ఖర్చు చేయగలిగాయి. ధరలు సగటున పెరిగింది దాదాపు 0.1 శాతమే.