వీడియో మధ్యలో జనం ఎందుకు వెళ్లిపోతున్నారు?

"వీడియోని స్కిప్ చేయకుండా చివరి వరకు చూడండి." తెలుగు యూట్యూబ్‌లో ఈ మాట చెవిన పడని రోజు ఉండదేమో. వంటైనా, పురుగు మందైనా, పెన్షన్ అర్హతలైనా ముందు ఇదే. ఈ మాట వినగానే నా వేలు స్క్రీన్ మీదకి వెళ్తుంది, ముందుకు జరపడానికో, మూసేయడానికో. ఇలా బతిమాలుతున్నారంటే అసలు సంగతి ఎక్కడో వెనక దాచిపెట్టారని చూసేవాళ్లకి తెలిసిపోయింది.

ఇప్పటి జనానికి ఓపిక లేదు, పది సెకన్లు కూడా ఆగరు అని వీడియోలు చేసేవాళ్లు అంటుంటారు. నేనైతే ఒప్పుకోను. ఆ జనమే చాగంటి కోటేశ్వరరావుగారి ప్రవచనాలు గంటల తరబడి వింటారు, రెండు గంటల ఇంటర్వ్యూని రాత్రి సగం, పొద్దున బస్సులో సగం చూసి పూర్తి చేస్తారు. ఓపికకి కొదవ లేదు, దాన్ని ఎవరికి ఇవ్వాలో వాళ్లు ఎంచుకుంటున్నారు.

మా ఊళ్లో మోటార్లు బాగుచేసే స్నేహితుడు ఒకడున్నాడు. బోరు మోటారు స్టార్టరు ఎందుకు ట్రిప్ అవుతుందో చెబుతూ ఒక వీడియో పెట్టాడు. పనిలో వాడికి తిరుగులేదు. కానీ వీడియోలో మొదట తిరిగే లోగో, మ్యూజిక్, తర్వాత నమస్కారం, షాపు పరిచయం, లైకు, షేరు, గంట గుర్తు, ఇవన్నీ అయ్యేసరికి నిమిషం దాటింది. యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత) తెరిస్తే మొదటి అర నిమిషంలోనే గీత బండ మీంచి జారినట్టు కిందకి దిగింది. వాడు డీలా పడ్డాడు. ఆ వీడియో ఎవరు వెతుక్కుంటారో ఆలోచించమన్నాను. పొలం గట్టు మీద ఒక చేత్తో ఫోను పట్టుకుని, కరెంటు ఉన్నప్పుడే మడి తడవాలన్న టెన్షన్‌లో ఉన్న రైతు. ఆ మనిషికి లోగోతో ఏం పని?

రెండోసారి నేరుగా స్టార్టరు దగ్గర మొదలుపెట్టాడు. పచ్చ బటన్ నొక్కితే మోటారు గుయ్యిమని మూలిగి, కాసేపటికి టక్కున పడిపోయింది. "ఇలా అయితే ముందు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూడండి. ఒకటి పోతే మిగతా వాటి మీద లోడు పెరిగి స్టార్టరులోని రిలే కరెంటు ఆపేస్తుంది, రిలే పని చేయకపోతే మోటారే కాలుతుంది" అని ఇరవై సెకన్లలో చెప్పేశాడు. జవాబు ముందే ఇచ్చేస్తే ఇంకెవరు ఆగుతారని వాడి భయం. ఆగారు. జవాబు దొరకగానే రైతు మనసులో ఇంకో ప్రశ్న పుడుతుంది కదా, మూడు ఫేజులూ ఉన్నా పడిపోతుంటే ఏంటి సంగతి అని. ఆ ప్రశ్న పుట్టిన చోటే తర్వాతి మాట మొదలవ్వాలి. నాకు తెలిసి చూపు నిలబెట్టడమంటే ఇంతే.

ఇది మనకి కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉండేది ఇందుకే. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు లోకం తీరు మీద మాట విసురుతారు, ఇద్దరూ జనం తరఫున మధ్యలో అడ్డుపడి "అలాగా, తర్వాతేమైంది" అని అడుగుతారు. కూర్చున్నవాళ్ల మనసులో మెదిలే ప్రశ్న వంత నోట్లోంచి వస్తుంది. రాత్రంతా చాపల మీద జనం కదలకుండా కూర్చున్నారంటే అందులో ఈ పనితనం ఉంది. ఎదురుగా కెమెరా తప్ప ఎవరూ లేని యూట్యూబర్, ఆ వంత పని కూడా తనే చేసుకోవాలి.

మరి ఇంత సాగదీత ఎందుకొచ్చింది? చేసేవాళ్లని మాత్రమే తిట్టడం న్యాయం కాదు. 2012లో యూట్యూబ్ క్లిక్కుల లెక్క తగ్గించి, ఎంతసేపు చూశారన్నదానికి విలువ పెంచింది. దొంగ థంబ్‌నెయిళ్లకి, అంటే లోపల లేనిది చూపించి నొక్కించే పైబొమ్మలకి అది మందే, కాకపోతే నిమిషాలకి ధర కట్టినట్టయింది. మధ్యలో యాడ్లు పెట్టుకోవాలంటే వీడియో పది నిమిషాలైనా ఉండాలన్నారు, 2020లో దాన్ని ఎనిమిదికి తగ్గించారు. యాడ్ల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ రావాలి. కొత్తగా మొదలుపెట్టినవాడికి ఆ 4,000 గంటలు కొండలా కనిపిస్తాయి, దాంతో మూడు నిమిషాల మాటని తొమ్మిది నిమిషాలకి లాగుతాడు.

2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించాక రీల్స్, షార్ట్స్ వచ్చాయి, వాటి అలవాట్లు పెద్ద వీడియోల్లోకీ పాకాయి. రెండు సెకన్లకో కట్, ప్రతి మాటకీ ఒక సౌండ్, తెర నిండా ఎగిరే అక్షరాలు. కళ్లు అదురుతాయి గానీ మనసు నిలవదు. యూట్యూబ్‌లో వంటలు చేసి చూపిన మస్తానమ్మగారిని గుర్తు తెచ్చుకోండి. 2018లో కన్నుమూసేనాటికి నూరేళ్లు దాటిన ఆమెకి పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు. ఆరుబయట కట్టెల పొయ్యి, గోళ్లతో అల్లం పొట్టు తీసే ఆ చేతులు, అంతే. పుచ్చకాయ డొప్పలో కోడికూర వండుతుంటే అది మంటకి తట్టుకుంటుందా లేదా అని ఎవరూ చెప్పకుండానే మనం ఆగి చూశాం.

నాకు నిజంగా కోపం తెప్పించేవి ఆరోగ్యం వీడియోలు. "ఈ ఒక్క ఆకుతో షుగర్ మాయం" అని థంబ్‌నెయిల్ పెట్టి, ఆ ఆకు పేరు ఎనిమిదో నిమిషం దాకా చెప్పరు. అక్కడి దాకా ఆగేది ఎవరో తెలుసా? మందుల ఖర్చుతో విసిగిపోయిన పెద్దవాళ్లు. వాళ్ల ఆశనే వాచ్ టైమ్‌గా మార్చుకోవడాన్ని నేను టెక్నిక్ అనలేను, మోసమనే అంటాను. గ్రాఫ్‌లో మోటారు వీడియో గీతా, ఈ ఆకు వీడియో గీతా ఒకేలా కనబడొచ్చు, కానీ ఒకదాని చివర మనిషికి పని జరిగింది, ఇంకోదాని చివర పొద్దు పోయింది.

మోటార్ల స్నేహితుడు మొన్న కొత్త గ్రాఫ్ చూపించాడు. మధ్యలో ఒకచోట గీత పైకి లేచింది. రిలే మీద ఆంపియర్ల నాబ్ ఏ అంకె దగ్గర పెట్టాలో చెప్పిన చోటు అది, జనం వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూస్తున్నారు. కెమెరా దూరంగా పెట్టాను, అంకెలు సరిగ్గా కనబడటం లేదు పాపం అన్నాడు. ఆ ముక్క ఒక్కటే దగ్గర నుంచి తీసి, రెండు నిమిషాల వీడియో పెడతానంటున్నాడు.