చేతులు చాచిన వాళ్లకు పెన్షన్ ఏదీ?

ఈ దేశంలో ఎవరెవరి సేవలకో గుర్తింపు వచ్చింది. పాత స్వెటర్ విప్పుతున్న అమ్మ ఎదుట పీట మీద కూర్చుని, రెండు చేతులూ మూరెడు ఎడంగా చాచి, గంటల తరబడి ఊలు చుట్టించుకున్న పిల్లల్ని మాత్రం ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. బాధితుల్లో ఒకణ్ణి కాబట్టి నేనే అడగాల్సి వస్తోంది.

నాన్నగారి ఉద్యోగం ఢిల్లీలో. కోస్తాలో పుట్టిన అమ్మకు అంతకుముందు చలంటే పండగ నెలలో తెల్లవారుజామున కప్పుకునే దుప్పటే. క్వార్టర్స్‌లో మొదటి డిసెంబరు గడిచేసరికి పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర ఉల్టా, సీదా అల్లికలు నేర్చేసుకుంది. సహస్రనామం చదువుతూనే కుట్లు లెక్కపెట్టేది. తప్పు పోతే నామం పోయేది గానీ కుట్టు పోయేది కాదు.

జీర్ణమైన బట్టలు విడిచి కొత్తవి తొడుక్కున్నట్టు జీవుడు దేహాలు మారుస్తాడంటారు పెద్దలు. మా ఇంట్లో ఇది తిరగబడింది. స్వెటర్లే పొడుగైపోయిన పిల్లల్ని విడిచి కొత్త పిల్లల్ని తొడుక్కునేవి. నాన్న మెరూన్ స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగి అన్నయ్యకు ఫుల్‌హ్యాండ్స్, తర్వాత నాకు చేతుల్లేనిది, ఆపైన చెల్లాయికి టోపీ అయింది. ప్రతి జన్మలోనూ కాస్త ఊలు తరిగేది. ఆ లోటు వేరే రంగుతో పూడ్చేది అమ్మ. నా గుండెల మీది పసుప్పచ్చ చారను స్కూల్లో అందరూ డిజైన్ అనుకున్నారు. అది బడ్జెట్ లోటు.

ఇక విప్పడమంటే ఇష్టమొచ్చినట్టు లాగడం కాదు. ముందు పక్క కుట్లు తెంపాలి. తర్వాత మెడ దగ్గర ఆఖరి ముడి వెతకాలి. కిందినుంచి పైకి అల్లింది పైనుంచి కిందికే సాఫీగా విడుతుంది. అప్పుడే విడిన ఊలు సేమ్యాలా మెలికలు తిరిగి ఉంటుంది. దాన్ని నా చేతులకు చుట్టి, ఆ చుట్టను, అంటే చిలపను, నాలుగుచోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, కింద చెంబు బరువు కట్టి దండేనికి వేలాడదీస్తే తెల్లారేసరికి మెలికలు పోయేవి. నా భుజాల్లో మెలికలకు ఏ చెంబూ కట్టలేదు.

మనదేదో లేమి అనుకోకండి. 1941లో బ్రిటన్ బట్టలకు రేషన్ పెట్టి మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లిచ్చింది. ఉన్నవాటినే బాగుచేసుకోండని 1943లో సర్కారే పుస్తకం వేసి పంచింది. 1949లో రేషన్ ఎత్తేసింది కూడా. అమ్మ ఏ యుద్ధమూ లేకుండానే అంతకన్నా ఎక్కువ కాలం పాలించింది. కూపన్లూ లేవు, ఎత్తివేతా లేదు.

మొన్న హైదరాబాద్‌లో మా అమ్మాయి ఫీజు కట్టి మరీ ఇదే విద్య నేర్చుకొచ్చింది. పేరు సర్క్యులర్ ఎకానమీ.

"మరి చేతులెవరు పట్టారే?" అన్నాను ఆత్రంగా.

"కుర్చీ వీపుకి చుట్టేస్తాం నాన్నా."

అంటే నా బాల్యమంతా ఒక కుర్చీ చేయాల్సిన పని అన్నమాట. ఇక ఊరుకోలేక పెన్షన్ విషయం నేరుగా అమ్మ దగ్గరే ఎత్తాను. అర్హతలు, బకాయిలు, వడ్డీ, అన్నీ వివరించాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఎడం చెయ్యి దిగిపోతోందిరా, ఎత్తు."