కవర్ వెనక చదవని వాళ్లకి పంక్ రికార్డు దొరకదు

పాత పంక్ (డెబ్బైల నాటి గరుకు రాక్ సంగీతం) సింగిల్, అంటే ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డు, ఏదో వేలంలో వేల డాలర్లు పలికిందని వార్త రాగానే సంగీతప్రియులు రెండు జట్లుగా విడిపోతారు. ‘ఎంత అదృష్టవంతుడో’ అని ఒక జట్టు, ‘ఆ గోలకి అంత డబ్బా’ అని ఇంకో జట్టు. వినైల్, అంటే గ్రామఫోను రికార్డు, మళ్లీ ఎలా వచ్చిందో, ధరలు ఎందుకు పెరిగాయో అందరూ చదివిందే, మళ్లీ ఎత్తుకోను. చికాకు ఏమిటంటే రెండు జట్లూ రికార్డు ముందు వైపే చూస్తున్నాయి. 1977 నుంచి 1982 దాకా ఊరూ పేరూ లేని కుర్రాళ్లు సొంత డబ్బుతో వేసుకున్న ఏడంగుళాల రికార్డుల్లో చాలావాటికి అసలు సరుకు వెనక అట్ట మీదే ఉంది. ఎక్కడ చేశారు, ఎంతయింది, ఎవరికి ఉత్తరం రాయాలి అన్నీ అచ్చేసి పెట్టారు. పేరు తెలియని రికార్డుని పట్టుకోవడానికి అంతకంటే మంచి దారి ఈ రోజుకీ లేదు.

స్క్రిట్టి పొలిట్టి అనే బ్యాండు 1978లో సొంతంగా వేసుకున్న మొదటి సింగిల్ ‘స్కాంక్ బ్లాక్ బొలోన్యా’ తీసుకోండి. కేంబ్రిడ్జి స్టూడియోలో 14 గంటలకి 98 పౌండ్లు. టేపు మీద ఉన్నదాన్ని లక్కర్ డిస్కు (కాపీలకి మూలమైన పళ్లెం) మీద గాడిగా కోయడానికి 40. ఫ్యాక్టరీలో 2,500 కాపీలు, ఒక్కోటి 13 పెన్నీలు. రికార్డు మధ్యలో అతికే లేబుల్ కాగితం అచ్చు వేయించే స్తోమత లేక తెల్ల కాగితం మీద రబ్బరు స్టాంపు కొట్టారు, దానికి 8 పౌండ్లు. ప్రతి పద్దు పక్కనా ఆ పని చేసిపెట్టిన వాళ్ల చిరునామా. పెళ్లి ఖర్చుల లెక్క శుభలేఖ వెనకే అచ్చు వేయించినట్టు ఉంటుంది ఆ కవర్.

వీళ్లకి దారి చూపింది లండన్ బ్యాండు డెస్పరేట్ బైసికిల్స్. తమ తొలి సింగిల్‌కి 153 పౌండ్లే అయిందని 1977లో రెండో సింగిల్ కవర్ మీద చెప్పేసి, ఇంత చవకైన పని మీరూ చేసుకోండని పురమాయించారు. అదే ఏడాది జనవరిలో మాంచెస్టర్ బ్యాండు బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు చేసి ‘స్పైరల్ స్క్రాచ్’ వేస్తూ, ఏ పాట ఎన్నో టేకులో కుదిరిందో కవర్ మీదే రాశారు. రికార్డు కంపెనీలు గుట్టుగా పెట్టుకున్న లెక్కని వీధిలో పెట్టడమే ఆ కుర్రాళ్లు చేసిన అసలు తిరుగుబాటు. పిన్నీసులూ రంగు జుట్టూ ఫొటోగ్రాఫర్ల కోసం.

ఇప్పుడు ఆ కేంబ్రిడ్జి స్టూడియో సంగతి చూద్దాం. దాని పేరు స్పేస్‌వార్డ్. ఆ ఒక్క పేరు పట్టుకుని పోతే ఏమేం తగులుతాయో చూడండి. రా రికార్డ్స్ అనే కేంబ్రిడ్జి లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) 1977లో వేసిన మొదటి సింగిల్, యూజర్స్ వాళ్ల ‘సిక్ ఆఫ్ యూ’. అదే లేబుల్ మీద సాఫ్ట్ బాయ్స్ తొలి ఈపీ (మూడు నాలుగు పాటల రికార్డు). సోలిహల్ కుర్రాళ్లు స్వెల్ మ్యాప్స్ రాదర్ అనే సొంత లేబుల్ మీద వేసుకున్న ‘రీడ్ అబౌట్ సీమోర్’. 1979లో బెల్‌ఫాస్ట్ బ్యాండు స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ వేసిన ‘ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్’, ఇది రఫ్ ట్రేడ్ లేబుల్‌కి మొదటి ఎల్పీ (పెద్ద రికార్డు), బ్రిటిష్ చార్టులో 14వ స్థానం దాకా పోయింది. అన్నీ అక్కడ రికార్డయినవే, కాని ఈ నాలుగింటికీ శైలిలో పొంతన తక్కువ. ‘మీకు ఇది నచ్చితే అది నచ్చుతుంది’ అనే యంత్రం వీటిని ఒక వరసలో ఎన్నటికీ పెట్టదు. ఆ స్టూడియో చవక అద్దె మాత్రం పెట్టింది.

చేతికి అందే పద్ధతి ఇది. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ అనే సైటులో బ్యాండు పేరు వెతకడం మానేసి స్టూడియో పేరు వెతకండి, స్టూడియోలకీ ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలకీ అక్కడ వేరే పేజీలున్నాయి. ఏడంగుళాలవి మాత్రమే ఉంచి ఏడాది వరసలో పెట్టండి. ఒకటో రెండో రికార్డులు వేసి మూతపడిన లేబుళ్లని విడిగా రాసుకోండి, సరుకు అక్కడ ఉంటుంది. తర్వాత వెనక అట్ట ఫొటో పెద్దది చేసి ఇంజినీరు పేరు, కృతజ్ఞతల్లోని పేర్లు చదవండి. ఇందులో తేడా కొట్టేది ఒకటుంది. ఆ సైటు 2000లో ఎలక్ట్రానిక్ సంగీతం కోసం మొదలైంది, వివరాలన్నీ వాడుకరులు ఎక్కించినవే. పాత రాక్ రికార్డుల్లో చాలావాటికి స్టూడియో గడి ఖాళీగా ఉంటుంది. ఒకే పేరున్న బ్యాండ్లకి పక్కన 2, 3 అని అంకెలు వేస్తారు, ఆ అంకె తప్పితే మీరు ఇంకెవరి వెనకో పడి తిరుగుతారు. ఫొటో చదవకుండా గడులు మాత్రమే నమ్మితే సగం దారి అక్కడే మూసుకుపోతుంది.

కవర్ కూడా లేని రికార్డు చేతికొస్తే? గాడులు అయిపోయాక లేబుల్ దాకా ఉన్న ఖాళీ జాగా చూడాలి. టార్చి లైటు పక్క నుంచి ఏటవాలుగా పడేటట్టు పట్టుకుంటే గీతలు కనిపిస్తాయి, నిట్టనిలువుగా వేస్తే మెరుపు తప్ప ఏమీ కనపడదు. అక్కడ ఉండేది మ్యాట్రిక్స్ నంబరు (ఆ అచ్చుకి వేసిన గుర్తు సంఖ్య), గాడి కోసిన మనిషి సంతకం. బ్రిటిష్ రికార్డు మీద ‘పోర్కీ’ అని గీసి ఉంటే అది జార్జ్ పెక్‌హామ్ చెయ్యి. అమెరికాలో సిన్సినాటి ఊళ్లోని రైట్ అనే ఫ్యాక్టరీ డబ్బిచ్చిన ఎవరికైనా రికార్డులు వేసిపెట్టేది. లేబుల్ మీద ఏడాది లేకపోయినా దాని క్రమసంఖ్యని బట్టి కాలం దాదాపు తేల్చొచ్చు. నకిలీలు దొరికిపోయేదీ ఇక్కడే, అసలు దాంట్లో ఉన్న నంబరూ చేతిరాతా నకిలీలో చాలాసార్లు వేరుగా ఉంటాయి. కవర్ అనుమానంగా ఉంటే పదింతలు చూపించే భూతద్దం పెట్టండి. అసలు అచ్చులో అక్షరం అంచు గట్టిగా, నిండు నలుపుగా ఉంటుంది. స్కాన్ చేసి కొట్టిన కవర్లో అక్షరాలు కూడా చుక్కలు చుక్కలుగా విడిపోతాయి.

ఇంత తంటా ఎందుకు, యూట్యూబులో అన్నీ ఉన్నాయిగా అంటారు. నిజమే, చాలా ఉన్నాయి, ఎక్కించిన వాళ్లకి దండం పెట్టాలి కూడా. కాని వినడానికి ఉండటం వేరు, మనదాకా రావడం వేరు. యూట్యూబు సిఫార్సులు చాలావరకు ఇతరులు ఏం విన్నారన్న లెక్క మీద నడుస్తాయి. ఎవరూ వినని 300 కాపీల రికార్డుకి ఆ లెక్కలో చోటే లేదు. పైగా అక్కడ మిగిలేది పాట, ముందు అట్ట బొమ్మ. ఏ చిరునామా ఇంకో పది రికార్డులకి తీసుకెళుతుందో అదే ఎగిరిపోతుంది.

ఆ సిఫార్సుల తర్వాత రెండో శత్రువు ధర. ఈ జబ్బు కొత్తదేం కాదు. 1978లోనే టెలివిజన్ పర్సనాలిటీస్ అనే బ్యాండు వాళ్లు ఒక పాట కట్టి ఎగతాళి చేశారు: పైన చెప్పిన స్వెల్ మ్యాప్స్ సింగిల్ కొందామని కొట్టుకి వెళ్లి, అది ఎర్ర వినైల్‌లో లేదని ఇంకో రికార్డు కొనుక్కుపోయే వారాంతపు పంకుల మీద. ఎనభైల చివర మొదలైన ‘కిల్డ్ బై డెత్’ దొంగ సంకలనాలు ఎన్నో అజ్ఞాత సింగిల్స్‌ని జనానికి వినిపించాయి. కాని పాడిన వాళ్లని అడిగిందీ లేదు, పైసా ఇచ్చిందీ లేదు. ఆ ఎల్పీల మీద ఉన్న పేర్లే తర్వాత వేలం కేటలాగులయ్యాయి. చక్ వార్నర్ అనే సేకర్త వేసిన ‘మెస్‌తెటిక్స్’ సంకలనాలు దీనికి ఎదురు దారి. బ్యాండు సభ్యులు ఎక్కడున్నారో వెతికి, వాళ్ల చేతే చరిత్ర చెప్పించి, బుక్‌లెట్‌లో వేశాడు. మార్కెట్‌లో గిరాకీ ఎలా ఉన్నా నా లెక్కలో రెండోదే గొప్ప సేకరణ.

డెట్రాయిట్ అన్నదమ్ముల బ్యాండు డెత్ కథ అందరూ అద్భుతంలా చెబుతారు. పేరు మార్చుకోమన్నందుకు కొలంబియా సంస్థ డబ్బు కాదనుకున్నారు, 1976లో ట్రయాంగిల్ అనే సొంత లేబుల్ మీద 500 సింగిల్స్ వేశారు, 2009లో డ్రాగ్ సిటీ అనే లేబుల్ వాళ్ల టేపుల్ని ఎల్పీగా తెచ్చింది. మధ్యలో 33 ఏళ్లు. ఆ సింగిల్ వందల డాలర్లకి చేతులు మారుతున్నా వాళ్ల ఇంటి తలుపు తట్టినవాడు చాలాకాలం లేడు. నడిపించిన అన్న డేవిడ్ హాక్నీ 2000లోనే పోయాడు. దీన్ని అద్భుతం అనడానికి నోరు రాదు.

ఇక లోఫై (చవక పరికరాలతో చేసిన రికార్డింగు) అనగానే చెత్త శబ్దమంతా శైలే అనుకునే భక్తులున్నారు, అమ్మేవాళ్లకి వాళ్లే కావాలి. టేపు రొద వేరు, అరిగిన గాడి రొద వేరు. పాట మొదలవకముందు ఉండే ఖాళీ గాడి వినండి. అప్పుడే చిటపటలుంటే అది రికార్డు జబ్బు. పాటతో పాటే మొదలై పాటతో పాటే ఆగే ఒకే తీరు ‘స్‌స్‌స్’ మాత్రం టేపుది, అది కడిగినా పోదు, పోనక్కర్లేదు. 45 వేగంలో ప్రతి 1.33 సెకన్లకీ, ఎల్పీ అయితే 1.8 సెకన్లకీ ‘టిక్’ వినిపిస్తే అది గాడులకి అడ్డంగా పడిన గీత. అమ్మేవాడు వీజీ ప్లస్ (వెరీ గుడ్ ప్లస్, రికార్డు బాగానే ఉందనే మార్కు) అని రాస్తే చాలాసార్లు కంటితో చూసి వేసిన మార్కు అది, ప్లే చేసి చూశారా అని అడగాలి. న్యూజిలాండ్‌లో క్లీన్ బ్యాండు ‘టాలీ హో’ 50 డాలర్లతో రికార్డు చేసింది. అదే ఏడాది, 1981లో, నాలుగు ట్రాకుల టేపు మీద చేసిన వాళ్ల ఈపీ ఆ దేశపు చార్టులో 5వ స్థానానికి ఎక్కింది. చవక పరికరం వినిపించడానికి అడ్డు రాలేదు.

ఈ గొడవ తెలుగువాళ్లకి ఎందుకంటే, లోఫై అన్న పేరు పెట్టుకోకుండానే ఆ పని మన దగ్గర క్యాసెట్ల మీద జరిగింది. జననాట్య మండలి పాటలు, ఒగ్గుకథలు, బుర్రకథలు, జాతరల్లో అమ్మిన దేవతల పాటలు చిన్న స్టూడియోల్లో రికార్డయి, బస్టాండ్ బడ్డీల్లో అమ్ముడయ్యాయి. ఆ ఇన్లే కార్డుల్లో (క్యాసెట్ పెట్టెలో పెట్టే అచ్చు కాగితం) చాలావాటి మీద గాయకుడి బొమ్మ ఉంటుంది, డప్పు కొట్టిన మనిషి పేరుండదు. బ్రిటన్ పంక్ కుర్రాళ్లు రబ్బరు స్టాంపు ఖర్చు కూడా రాసి పెట్టుకున్నారు. మన సినిమా పాటకి ఆర్కెస్ట్రాలో ఎవరు వాయించారో కూడా చర్చించుకునే అభిమానులున్నారు, జానపద క్యాసెట్‌కి ఆ దిక్కు లేదు. అట్టపెట్టెల్లో ఉన్నవి వానకి తడిసో చెదలు పట్టో పోయేలోపు చెయ్యాల్సిన పని చాలా ఉంది.

పాత క్యాసెట్‌ని నేరుగా ప్లే చెయ్యొద్దు. ముందు ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పండి. శబ్దం మందంగా ఉంటే టేపుని హెడ్‌కి నొక్కిపట్టే చిన్న మెత్త ఊడిందేమో చూడండి. జిగురు ఎండిపోతే అది ఊడుతుంది. అయిదు స్క్రూల ఖాళీ క్యాసెట్ కొని చుట్టలు రెండూ అందులోకి మార్చేస్తే సరిపోతుంది. అతికించేసిన డొల్లయితే అతుకు వెంట బ్లేడుతో తెరవాలి. తర్వాత డెక్‌లో హెడ్ పక్కనున్న సన్న స్క్రూని మోనోలో వింటూ, తాళాల చప్పుడు ఎక్కడ పదునుగా వస్తే అక్కడికి తిప్పి ఆపండి. ఈ పని ప్రతి క్యాసెట్‌కీ మళ్లీ చెయ్యాలి, ఒక్కో స్టూడియో యంత్రం ఒక్కో వంకరలో రికార్డు చేసింది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా దింపి, ఎంపీ3 తర్వాత చేసుకోండి. ఇన్లే కార్డు రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చెయ్యండి. స్టూడియో పేరు, ఊరు, అమ్మిన ధర, ఫోన్ నంబరులో పాత ఎస్టీడీ కోడు కూడా ఆధారాలే. ఈ వివరాలు డిస్కాగ్స్ లాంటి చోట ఎక్కించేటప్పుడు వాయించిన వాళ్ల పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ‘సంప్రదాయం’ అని మాత్రం నింపొద్దు. ఖాళీ గడి చూసి ఆ ఊరివాళ్లు ఎవరో ఒకరు ‘మా మామయ్యే కొట్టాడు’ అని రాస్తారు. నింపేసిన గడి జోలికి ఎవరూ రారు.