ఎస్వీఆర్ అంటే ఆ నవ్వొక్కటేనా?

మొన్న ఆదివారం చెన్నైలో, వడపళనిలో ఓ పెళ్ళికి వెళ్ళాను. ఆడపెళ్ళివారు మనవాళ్ళే, మూడు తరాల కిందట నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మగపెళ్ళివారిది తంజావూరు వైపు. భోజనాల హాల్లో మొదటి పంక్తి కూర్చుందో లేదో, స్పీకర్లో ఏం పాట వేశారో మీకు చెప్పక్కర్లేదు. 'వివాహ భోజనంబు' అవగానే అదే వరసలో తమిళం పాట, 'కల్యాణ సమయల్ సాదం'. రెండువైపులవాళ్ళూ తలలూపారు. అంతవరకూ బాగానే ఉంది.

నా కుడిపక్కన మా పిన్ని మనవడు, ఇంజినీరింగ్ రెండో ఏడు. అప్పడం విరుచుకుంటూ, "ఈయనేగా బాబాయ్, పెద్దగా నవ్వుతాడు? రీల్స్‌లో చూశా" అన్నాడు. ఎడంపక్కన మగపెళ్ళివారి తరఫు పెద్దాయన, ఎనభైకి దగ్గర్లో ఉంటారు. ఆయన సాంబారన్నం కలుపుకుంటూ తమిళంలో అన్నారు, "రంగారావు ఏడిస్తే మా అమ్మ థియేటర్లో ఏడ్చింది చాలక ఇంటికొచ్చి కూడా ఏడ్చేది" అని.

ఒకే మనిషి. కుడిపక్క నవ్వు, ఎడంపక్క ఏడుపు. ఇంటికొచ్చాక కూడా ఆ సంగతి బుర్రలోంచి పోలేదు. అందుకే ఈ పోస్టు. పొడుగవుతుంది, తిట్టుకోకండి.

నా గొడవేమిటంటే, ఎస్వీ రంగారావుని మన తెలుగువాళ్ళం ఒక గొంతుగా, ఒక గదగా, ఒక అట్టహాసంగా మార్చి అటకమీద పెట్టేశాం. పెళ్ళిళ్ళప్పుడు దించుతాం, దుమ్ము దులుపుతాం, మళ్ళీ పైన పెడతాం. ఆ మనిషి అసలు గొప్పదనం గొంతు తగ్గించినప్పుడు ఉంది. తండ్రిగా, మామగారిగా, ఇంటి పెద్దగా ఒక మూల కూర్చుని అవతలివాళ్ళ మాట వింటున్నప్పుడు ఉంది. దాన్ని దాచుకున్నది తమిళులు. మనం మర్చిపోయాం.

ఈ పాపంలో సగం మిమిక్రీ స్టేజీలది. 'సాహసం సేయరా డింభకా' అని మైకు పగిలేలా అరవడం, జనం చప్పట్లు కొట్టడం. ఒక్కసారి 'పాతాళభైరవి' పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ మాంత్రికుణ్ణి వినండి. తోటరాముడి దగ్గర అతను అరిచేదెక్కడ? బుజ్జగిస్తాడు. చిన్నపిల్లాడికి బెల్లంముక్క చూపించి దగ్గరికి పిలిచినట్టు పిలుస్తాడు. తీసుకెళుతున్నది బలి ఇవ్వడానికి మరి. బలికి తోలుకెళ్ళే మేకని అదిలిస్తే బెదురుతుంది, ఆకు చూపించి నడిపించాలి. ఆ కిటుకు ఆ గొంతుకి తెలుసు. పింగళి నాగేంద్రరావు రాసిన ఆ చిత్రమైన మాటలు ఇంకొకరి నోట్లో పెడితే వీధినాటకం అయ్యేది. ఈయన నోట్లో అదేదో నిజంగా నేపాళం నుంచి దిగిన భాషలా ఉంటుంది. 1951లో ఆ సినిమా వచ్చేనాటికి ఆయనకి ముప్పై మూడు నిండలేదు.

వయసు ఎత్తాను కాబట్టి అది కూడా చెప్పుకుందాం, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసేది అదే. ఎస్వీఆర్ పుట్టింది 1918 జూలై 3న, నూజివీడులో. ఎన్టీఆర్ పుట్టింది 1923లో. మధ్యలో ఐదేళ్ళు. ఐదేళ్ళంటే మా ఇంట్లో నాకూ మా అన్నయ్యకీ ఉన్న తేడా. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. అందులో వెంకట్రామయ్యగా ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ తండ్రి వేషం వేసిన మనిషికి అప్పటికి నలభై నాలుగు నిండలేదు. నాకిప్పుడు నలభై ఆరు. నన్నెవరైనా "అంకుల్" అంటేనే ముఖం మాడ్చుకుంటాను.

'మిస్సమ్మ'లో మరీ అన్యాయం. 1955 జనవరిలో వచ్చిన సినిమా అది, అప్పటికి ఆయనకి ముప్పై ఆరు. ముప్పై ఆరేళ్ళవాడు, తప్పిపోయిన కూతురి కోసం ఇన్నేళ్ళుగా లోపల్లోపల కుమిలే జమీందారు. ఆ గోపాలంగారిలో ఎక్కడైనా నెరిసిన విగ్గు కనిపించిందా మీకు? నాకు మనిషే కనిపించాడు. కాస్త అమాయకుడు, ఎదుటివాళ్ళ మాట ఇట్టే నమ్మేవాడు, ఇంటికొచ్చిన పంతులమ్మని కూతురిలా చూసుకునేవాడు. ముసలితనం అంటే నడుం వంచి దగ్గడం అనుకునే నటులు మనకి బోలెడుమంది. ఈయన నడుం వంచలేదు. కదలికల్లో తొందర తీసేశారు, అంతే.

దీంట్లో ఓ తమాషా కూడా ఉంది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి తల్లి హిడింబి సూర్యకాంతం. ఆవిడ పుట్టింది 1924లో. కొడుకు కంటే తల్లి ఆరేళ్ళు చిన్న! ఐదేళ్ళు తిరిగేసరికి 'గుండమ్మ కథ'లో ఆ తల్లే ఆ కొడుక్కి వియ్యపురాలు. మనమేమో రెండుసార్లూ నోరు మూసుకుని నమ్మేశాం.

ఎలాగూ 'మాయాబజార్' దగ్గరికి వచ్చాం కాబట్టి ఒప్పుకుంటాను, ఘటోత్కచుడు నాకూ ఇష్టమే. కానీ ఆ పాత్ర ఎంత గట్టిగా నిలబడిందో తెలియాలంటే ఎస్వీఆర్‌ని కాదు, సావిత్రిని చూడాలి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక సావిత్రి ఏం చేస్తుంది? ఆ భుజాలు, ఆ అడుగు, ఉన్నట్టుండి పౌరుషం పొడుచుకొచ్చి మళ్ళీ సర్దుకోవడం. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు దాక్కున్నాడని చూపించాలంటే ముందు ఆ రాక్షసుడికంటూ ఒక నడక ఉండాలి. అది పెట్టినవాడు ఎస్వీఆర్. అంత గొప్ప నటి ఆ నడకని అరువు తెచ్చుకుని పండించింది. రీల్స్‌లో ఈ ముక్క రాదు, లడ్డూలు ఎగరడమే వస్తుంది.

ఇక కీచకుడు. 'నర్తనశాల' 1963లో వచ్చింది. మరుసటేడు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియన్ చలనచిత్రోత్సవంలో ఆయనకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆలోచించండి, సైరంధ్రి ఎవరో, విరటుడి కొలువేమిటో బొత్తిగా తెలియనివాళ్ళు కూర్చుని చూసి ఇచ్చిన బహుమతి. సమాసాలు, పద్యాలు వాళ్ళకెక్కలేదు. ఎక్కింది ఆ కళ్ళు. కీచకుడు సావిత్రిని చూసే చూపులో కామం మొదట ఉండదు, "ఇది నాది" అనే ధీమా ఉంటుంది. కోరిక ఆ తర్వాత. రాజుగారి బావమరిదికి ఊళ్ళో కాదన్నవాళ్ళు లేకపోతే ఎలా తయారవుతాడో అలా ఉంటాడు. భీముడి వేషం వేసింది దండమూడి రాజగోపాల్, అసలు సిసలు బరువులెత్తే వస్తాదు. ఆయన పక్కన కూడా ఈ కీచకుడు తేలిపోలేదు.

'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడి గురించి ఓ మాట. అందరూ స్తంభం సీను చెబుతారు. నాకు అంతకుముందు, గురుకులం నుంచి వచ్చిన కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని అడిగే తండ్రి ఇష్టం. ఎంత మురిపెం! మన ఇళ్ళల్లో ప్రోగ్రెస్ కార్డు చూసే నాన్న, మార్కులు కనపడకముందు. ఆ మురిపెం అంత నిజంగా ఉంది కాబట్టే తర్వాతి కోపం భయం పుట్టిస్తుంది. ఆ మొదటి సగం లేకపోతే అది ఒట్టి అరుపు.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న సినిమా. 'బంగారు పాప'. బి.ఎన్. రెడ్డి తీశారు, వాహినీవారిది. జార్జ్ ఎలియట్ రాసిన ఇంగ్లీషు నవల ఆధారం, మాటలు పాలగుమ్మి పద్మరాజు, పాటలు కృష్ణశాస్త్రి. కథ ఒక్క వాక్యం: ఊరంతా జడిసే కోటయ్య అనే మొరటు మనిషికి ఓ పసిబిడ్డ దొరుకుతుంది, ఆ బిడ్డని పెంచుతూ పెంచుతూ అతను మనిషవుతాడు. ఈ మారడం అనేది సినిమాల్లో ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఓ పాట, ఓ ఏడుపు, మర్నాడు తెల్లబట్టలు. ఇక్కడ అలా కాదు. కోటయ్య మొరటుతనం ఎక్కడికీ పోదు, బిడ్డ దగ్గర మాత్రం దానికి దారి దొరకదు. అంత పెద్ద ఒళ్ళు ఆ పిల్ల ముందు ఏం చేయాలో తెలియక తికమకపడుతుంది. పాప పెద్దదై కృష్ణకుమారి అయ్యాక, పోగొట్టుకుంటానేమోననే భయం అతని ముఖంలో నెమ్మదిగా చేరుతుంది. మాట ఉండదు. మాధవపెద్ది సత్యం పాడిన 'తాధిమి తకధిమి తోలుబొమ్మ' వస్తుంటే మా నాన్న టీవీ ముందు లేచి నిలబడేవారు, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఎస్వీఆర్ వి ఐదు సినిమాలు చెప్పమంటే మనలో ఎంతమంది ఈ పేరు చెబుతారు? నేను ఆ పెళ్ళిలోనే ఓ పదిమందిని అడిగాను, పాయసం వచ్చేదాకా పనేం లేదు కదా. ఇద్దరు చెప్పారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు.

తమిళులకి ఈ చిక్కు లేదు. వాళ్ళకి గద మోసిన రంగారావు అంటే ముఖ్యంగా 'మాయాబజార్' ఒక్కటే గుర్తు. తర్వాత వాళ్ళు ఎక్కువగా చూసింది నాన్నని. 'పడిక్కాద మేధై' 1960లో వచ్చింది, భీంసింగ్ దర్శకుడు. చదువురాని రంగన్‌గా శివాజీ గణేశన్, అతన్ని పెంచిన ఇంటి పెద్దగా ఎస్వీఆర్. ఆస్తి పోయి, ఇల్లు చెదిరి, రంగన్ వెళ్ళిపోయాక ఈయన మీద ఓ పాట ఉంటుంది. భారతియార్ కవిత, శీర్గాళి గోవిందరాజన్ గొంతు, 'ఎంగిరుందో వందాన్'. ఎక్కణ్ణుంచో వచ్చాడు అని. పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పిన ఏడుపు ఇదే. ఇదే కథ తెలుగులో 'ఆత్మబంధువు' అయింది, ఈయనే చేశారు. 'నానుం ఒరు పెణ్' తెలుగులో 'నాదీ ఆడజన్మే' అయింది, అందులోనూ ఈయనే. రెండు భాషల్లోనూ అదే తండ్రి, రెండు చోట్లా సొంత గొంతు. మనం మాత్రం ఒకదాన్ని కూడా గుర్తుపెట్టుకోలేదు.

అంత తమిళం ఆయనకి ఎలా అబ్బింది అంటారా? చిన్నప్పుడు చదివింది ఇక్కడే, ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో. తర్వాత విశాఖ, కాకినాడ, అక్కడ నాటకాలు, ఫైరాఫీసర్ ఉద్యోగం. మొదటి సినిమా 'వరూధిని' ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్ళి టాటావారి దగ్గర కొలువు చేసుకున్నారు. ఆ కొలువులోనే ఉండిపోయి ఉంటే! 1950లో 'షావుకారు'లో సున్నం రంగడు వేశాక వెనక్కి చూసే అవసరం రాలేదు, మన అదృష్టం.

అన్నీ గొప్పవేనని నేననను. చివరి ఏడెనిమిదేళ్ళలో ఆయన్ని ఒకే అచ్చులో పోశారు. డ్రెస్సింగ్ గౌను, చేతికర్ర, మేడమెట్ల మీద నుంచి దిగడం, కొడుకు ఎదురుతిరగ్గానే గుండె పట్టుకుని కూలడం. కొన్నిట్లో ఆయనకే విసుగొచ్చినట్టు తెలుస్తుంది. అప్పుడప్పుడూ ఓ దాసరి తన తొలి సినిమా 'తాత మనవడు'లో నిజంగా తాతని చేస్తే, అప్పుడు మళ్ళీ మనిషి లేచి కూర్చుంటాడు. ఇంతలో 1974 జూలై 18న ఇక్కడే, ఈ ఊళ్ళోనే పోయారు. యాభై ఆరేళ్ళు. మన హీరోలు ఆ వయసులో కాలేజీకి వెళుతున్నారు.

పద్మశ్రీ రాలేదు. అవును, ఆ జకార్తా బహుమతి తెచ్చిన మనిషికి. 2013లో, భారతీయ సినిమాకి వందేళ్ళు నిండినప్పుడు, పోస్టల్ స్టాంపు వేశారు. ఉత్తరాలు రాయడం మానేశాక.

పెళ్ళి అయ్యాక ఆటో కోసం ఆర్కాట్ రోడ్డు మీదికి వచ్చాం. ఎదురుగా మాల్. ఒకప్పుడు విజయా-వాహినీ స్టూడియోల నేల అది. అక్కడే కదరా వీటిలో చాలా తీసింది అంటే, మా పిన్ని మనవడు తల తిప్పి ఒకసారి చూసి, "అక్కడ ఐమ్యాక్స్ ఉంది బాబాయ్" అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడికి మనం చూపిస్తే కదా.

అన్నట్టు ఆ తంజావూరు పెద్దాయన నా నంబరు తీసుకున్నారు. నిన్న వాట్సాప్‌లో అడిగారు, తెలుగులో ఎస్వీఆర్ చేసినవాటిలో ముందు ఏది చూడాలి అని. 'బంగారు పాప' అన్నాను. ఆయనకి తెలుగు అంతంతమాత్రం, పక్కన కూర్చుని చెప్పడానికి వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాను, మాంబళం. పిన్ని మనవణ్ణి కూడా లాక్కెళుతున్నాను, బిరియానీ ఆశపెట్టి. నా దగ్గరున్న ప్రింటులో ముఖాలు సరిగ్గా కనపడటం లేదు. మీ దగ్గర మంచిది ఉంటే కామెంట్లో చెప్పండి, శనివారం లోపల.