ఇంకా పడుద్దండి!

మా గోదావరి డెల్టాలో బండికి లోడెత్తడం అంటే ఆషామాషీ వ్యవహారం కాదండి, దానికంటూ ఓ శాస్త్రముంది, ఆ శాస్త్రానికి ఉన్నది ఒకటే సూత్రం: "ఇంకా పడుద్దండి." చోటు కనపడిందంటే బరువు లేనట్టే లెక్క. గడ్డి ట్రాక్టరు ఎదురొస్తే కాలవగట్టు మీద ట్రాక్టరు కనపడదు, గడ్డివామే నడిచొస్తున్నట్టుంటది, కొబ్బరికాయల లారీ సంగతైతే చెప్పక్కర్లేదు. ఇంత గొప్ప సంప్రదాయం ఉన్న గడ్డ మీదకి ఇప్పుడు మోటార్ హోమ్ దిగింది.

మోటార్ హోమ్ అంటే సినిమా హీరోలకుండే కారవాన్ లాంటిదే, మంచం పొయ్యి సింకు బాత్రూమ్ అన్నీ బండిలోనే. మా బావగారు అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లుండి చూసొచ్చి, పాత మినీబస్సు కొని అలా కట్టించేశారు. పోయినేడాది భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణానికి తొలి ప్రయాణం. ట్యాంకులో 300 లీటర్లు నీళ్ళు నింపారు, అంటే అక్షరాలా 300 కిలోలు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించి ఊరూరికీ నీళ్ళు పారిస్తే, మా బావగారు ఆ నీళ్ళని నమ్మకుండా మండపేట నీళ్ళు అంతర్వేదికి మోసుకెళ్ళారు. తగ్గించండి బావగారూ అంటే సగం నీళ్ళు పారబోశారు, అప్పట్నుంచి ప్రతి మలుపులోనూ నీళ్ళు ఇటు ఊగితే బండి అటు, అదో ఉయ్యాల.

సామాన్ల సర్దుడు అయితే ఇంకా ముచ్చట. అన్నిటికన్నా తేలికైనవి ఆత్రేయపురం పూతరేకులు, వాటికి కింద, మధ్యలో, కుదుపు తెలీని చోట మెత్తటి పరుపు. బియ్యం బస్తాలు, గుండిగలు, మా అక్కయ్య వదల్లేక తెచ్చిన రుబ్బురోలు మాత్రం టాపు మీద! బరువు ఎంత పైకెక్కితే బండి మలుపులో అంత తేలిగ్గా పక్కకి వాలుద్దండి, బరువైనవన్నీ అడుగున, ఇరుసుల మధ్య, కుడీ ఎడమా సమంగా ఉండాలండి అని నేనంటే, "రోలు ఎక్కడికి పోద్ది బామ్మర్దీ, దాని బరువుకి అదే కూర్చుంటది" అన్నారు. ఆ కూర్చునేదే కదా నా భయం.

వెనక రెండు చక్రాల ట్రైలర్ కూడా తగిలించారు. అందులో జనరేటరు అన్నిటికన్నా చివర్న పెట్టారు, ఎందుకంటే దింపడానికి సులువంట. ఇక్కడ మా తాత గుర్తొచ్చాడండి నాకు. ఆయన ఏ కాలేజీకీ వెళ్ళలేదు. ధాన్యం బస్తాలు బండికెత్తాక ఎడ్లని కట్టేముందు కాడి ఓసారి చేత్తో ఎత్తి చూసేవాడు. పైకి లేచిపోతుంటే వెనక బరువు, మెడతాడు బిగిసి ఎడ్లకి ఊపిరాడదు, బస్తా ముందుకి జరపమనేవాడు. అసలు లేవకపోతే ముందు బరువు, ఎడ్ల మెడలు పుళ్ళు పడతాయి, వెనక్కి జరపమనేవాడు. ఇప్పుడు ట్రైలర్ల వాళ్ళు చెప్పేదీ అదే, నూటికి అరవై వంతులు బరువు ఇరుసుకి ముందుండాలి, కొక్కెం మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి అని. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెదురుతో ఎత్తుగా కట్టిన దేవుడి ప్రభల్ని భుజాల మీద చేలకడ్డంగా, కౌశిక ఏరు దాటించి తెచ్చేవాళ్ళకి కూడా బరువు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. మరి ఇంజన్ తగిలించగానే ఆ తెలివంతా ఎక్కడికి పోద్దో తెలీదు.

సరే, రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీదకెక్కాం, ఓ పక్కనించి ఏటిగాలి, ఇంకో పక్కనించి ఓ చేపల లారీ రయ్యిన దాటింది, అంతే, తోక బరువున్న ట్రైలర్ పాములా ఊగడం మొదలెట్టింది. బావగారు బ్రేకు మీద నించోబోతుంటే నేను కేకేశా, వద్దండీ బాబూ, కాలు తీసెయ్యండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి చాలు అని. గట్టిగా బ్రేకేస్తే వెనక బరువు ముందుకి తోసి బండి అడ్డం తిరుగుద్ది. ఆంజనేయ దండకం సగంలో ఉండగా ఊగుడు ఆగింది.

ఈ ఏడాది ట్రైలర్ మానేస్తున్నారు. హమ్మయ్య అనుకునేలోపే, ఊళ్ళో తిరగడానికి ఆటోమేటిక్ గేర్ల కారుని మోకు కట్టి వెనక లాక్కెళ్దామన్నారు. అమెరికాలో అలాగే చేస్తారంట. అక్కడ మోకు కట్టరండీ, గట్టి ఇనప బార్ ఉంటది, గొలుసులుంటాయి, కారుకి వేరే బ్రేకు ఏర్పాటుంటది. పైగా చాలా ఆటోమేటిక్ కార్లని నాలుగు చక్రాల మీద లాగితే ఇంజన్ ఆగుంటది కాబట్టి గేర్‌బాక్సులో ఆయిల్ తిరగదు, మాడిపోద్ది. అన్నిటికీ మించి మన రూల్సు ప్రకారం రిజిస్టర్ అయిన ట్రైలర్ కాకుండా ఇంకో బండిని లాగాలంటే అది పాడైనదై ఉండాలి, అదీ దగ్గర్లో మెకానిక్ షెడ్డు దాకానే. మా బావగారు చాలాసేపు ఆలోచించి "కారు పాడైందని చెప్తే ఊళ్ళో పరువు పోద్ది" అని ఆ ఒక్క కారణానికి ఆగారు.

చివరికి నేనే బతిమాలి పోయినవారం బండిని మొత్తం సామానుతో రైసుమిల్లు కాటాకి తీసుకెళ్ళా. ఆర్‌సీలో రాసున్న బరువు దాటితే జరిమానా 20,000, ఆపైన టన్నుకి ఇంకో 2,000 అని చెప్తే గానీ కదల్లేదు. బస్తాకి కిలో తరుగు తీస్తే మిల్లోడితో పొద్దుగూకేదాకా గొడవాడే ఆయన, ఏడాదిగా తన బండి బరువెంతో ఒక్కసారి చూసుకోలేదు. గుమాస్తా చీటీ పుస్తకం తీసి "సరుకేంటండి?" అన్నాడు.

"మా కుటుంబమండి" అన్నారు బావగారు.

గుమాస్తా పెన్ను ఆపి, కిటికీలోంచి చూస్తున్న మా అక్కయ్యనీ, టాపు మీద రోలునీ, కారుతున్న ట్యాంకునీ ఓసారి చూసి, "ఆయ్, మరి తేమకి తరుగెంత రాయమంటారండి?"