స్కూల్ సైకాలజిస్ట్ కావాలంటారు, అయ్యే దారి మాత్రం వెయ్యరు

వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2025 జూలై 25న చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది, కాబట్టి ఎక్కడో ఢిల్లీ గొడవలే మనకెందుకు అని మన రెండు రాష్ట్రాల్లో ఎవరూ తప్పించుకోడానికి లేదు. తీర్పు వివరాలు అందరికీ తెలిసినవే. మా కోపమంతా దాన్ని అమలు చేసేస్తున్నాం అని చెప్పుకునే తీరు మీద.

ఆ తీరు పేరు "ఇన్‌ఛార్జ్". స్కూల్లో ఆల్రెడీ ఉన్న ఒక టీచర్ని పట్టుకుని, సోషల్ మేడమో పీఈటీ సారో ఎవరికి ఖాళీ పీరియడ్లు ఎక్కువుంటే వాళ్లని, ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్‌కి పంపించి, సర్టిఫికెట్ పట్టుకుని గ్రూప్ ఫోటో దిగి, స్టాఫ్‌రూమ్ పక్కన ఉన్న సామాన్ల గదికి కౌన్సిలింగ్ రూమ్ అని బోర్డు తగిలిస్తే ఇన్‌స్పెక్షన్ ఫారంలో ఆ కాలమ్ నిండిపోతుంది. లెక్కల మాస్టారు సెలవు పెడితే తెలుగు మాస్టారు వెళ్లి క్లాసులో కూర్చున్నట్టు. ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీల్లో అయితే ఇంకో ముచ్చట, అడ్మిషన్ బ్రోచర్‌లో నవ్వుతూ కనపడే "స్టూడెంట్ కౌన్సిలర్" మేడమే ఫీజు బాకీ ఉందని పేరెంట్స్‌కి ఫోన్ చేసే మనిషి కూడా. ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఏ పిల్లాడు నోరు విప్పుతాడు?

కోర్టు అడిగింది పిల్లల, టీనేజర్ల మానసిక ఆరోగ్యంలో ట్రైనింగ్ ఉన్నట్టు చూపించగలిగే మనిషిని. టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ మొత్తానికి ఏడాదికి కనీసం రెండు సార్లు శిక్షణ ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఉంది, కానీ అది వేరే ఆదేశం. మనవాళ్ల తెలివి ఏంటంటే రెండిటినీ కలిపేసి, ఆ శిక్షణకి వెళ్లొచ్చిన టీచరే ఈ కౌన్సిలర్ అనేశారు, ఒక ఖర్చుతో రెండు పనులు అయిపోయాయి.

సరే, నిజంగానే క్వాలిఫైడ్ మనిషి కావాలి అనుకునే ప్రిన్సిపాల్ ఉన్నారనే అనుకుందాం. ఎక్కడి నుంచి తెస్తారు? ఇంటర్ అయిపోయిన ఒక అమ్మాయి నేను స్కూల్ సైకాలజిస్ట్ అవుతాను అందనుకోండి, ఈ దేశంలో ఆమెకి చూపించడానికి ఒక తిన్నని దారి లేదు. మూడేళ్లు బీఏ సైకాలజీ, రెండేళ్లు ఎంఏనో ఎమ్మెస్సీనో, ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో చేస్తుంది. అక్కడితో రోడ్డు అయిపోతుంది. ముందుకెళ్దామంటే దివ్యాంగులతో పనిచేసే నిపుణుల్ని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న క్లినికల్ సైకాలజీ కోర్సు ఉంది, సీట్లు చాలా తక్కువ, ట్రైనింగ్ అంతా హాస్పిటల్ చుట్టూ. పైగా ఇన్నేళ్లూ ఆ అర్హతకి ఆధారంగా ఉన్న ఎంఫిల్‌నే యూజీసీ 2022 రెగ్యులేషన్స్‌లో రద్దు చేసి, మళ్లీ క్లినికల్ సైకాలజీకి మాత్రం గడువు పొడిగిస్తూ వచ్చింది, పిల్లలు ఏ కోర్సులో చేరాలో తెలీక జుట్టు పీక్కున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థే ఉంది, అక్కడ రిహాబిలిటేషన్ సైకాలజీ చెప్తారు, మంచి చదువే, కానీ అదీ స్కూల్ కోసం తయారు చేసిన కోర్సు కాదు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సిలింగ్ డిప్లొమా కాస్త స్కూలు మొహం చూసినది, అదీ ఏడాదిలో సగం దూరవిద్యే.

రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌కి చోటుంది, రిహాబిలిటేషన్ సైకాలజిస్ట్‌కి చోటుంది. స్కూల్ సైకాలజిస్ట్ అనే గడే లేదు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తెచ్చి మిగతా సైకాలజిస్టుల్ని అందులోకి లాగారు, బాగానే ఉంది, కానీ స్కూల్లో కూర్చునే మనిషికి ఏ చదువు, ఎన్ని గంటల ప్రాక్టీసు, ఎవరి పర్యవేక్షణలో ఉండాలో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పరు. సీబీఎస్ఈ 2018 అఫిలియేషన్ బైలాస్‌లో, అంటే స్కూళ్ల గుర్తింపు నిబంధనల్లో, కౌన్సిలర్ అండ్ వెల్‌నెస్ టీచర్‌కి అప్పట్లో పెట్టిన అర్హత చూడండి, సైకాలజీలో డిగ్రీ ఉన్నా సరిపోయేది, లేదా ఏదో ఒక డిగ్రీకి కెరీర్ గైడెన్స్ డిప్లొమా తోడైనా సరిపోయేది. ఒక్క పిల్లాడితో కూడా సీనియర్ల కళ్ల ముందు పని చెయ్యకుండానే నేరుగా ఉద్యోగంలో కూర్చునే వీలుండేదన్నమాట.

బయట ఎలా ఉందో ఒక్కసారి చూస్తే సిగ్గేస్తుంది. అమెరికాలో స్కూల్ సైకాలజిస్ట్ నేషనల్ సర్టిఫికేషన్ కావాలంటే డిగ్రీ తర్వాత కనీసం 60 క్రెడిట్ల పీజీ చదువు, 1200 గంటల ఇంటర్న్‌షిప్, అందులో కనీసం 600 గంటలు స్కూల్లోనే. 500 మంది పిల్లలకి ఒకరు ఉండాలని అక్కడి వృత్తి సంఘం సిఫార్సు, వాళ్లకీ అంతమంది లేరు, అయినా ఉన్నవాళ్ల చదువు తగ్గించలేదు. ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే మూడేళ్ల డాక్టరేట్, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ టైటిల్ పెట్టుకుంటే చట్టప్రకారం నేరం. ఇక్కడ విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకుంటే చాలు.

అసలు అంత చదువు ఎందుకు, నాలుగు మంచి మాటలు చెప్పడమే కదా అనేవాళ్లకి ఒక్క ఉదాహరణ. మూడో క్లాసు పిల్లాడు ఉన్నాడు. నోటి లెక్కలు టకటకా చెప్తాడు, కథ చెప్తే గుర్తుపెట్టుకుంటాడు, కానీ బోర్డు మీదిది నోట్సులోకి ఎక్కించమంటే ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి, సగం లైను వదిలేస్తాడు. టీచర్ దృష్టిలో బద్ధకం, ఇంట్లో ఫోన్ పిచ్చి. అది డిస్లెక్సియానా (తెలివి ఉన్నా చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది), కంటిచూపా, చెవా, ఇంట్లో ఏదైనా గొడవా అని తేల్చాలంటే తల్లితో మాట్లాడాలి, పాత నోట్సులు తిరగెయ్యాలి, క్లాసులో వెనక కూర్చుని గమనించాలి, ఐక్యూ టెస్టు, చదవడం రాయడం టెస్టులు విడివిడిగా రెండు మూడు సిట్టింగుల్లో చెయ్యాలి, తర్వాత టీచర్‌తో కూర్చుని రేపటి నుంచి క్లాసులో ఏం మార్చాలో చెప్పాలి. డిస్లెక్సియా లాంటి స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది, సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు టైమ్, చెప్తే రాసిపెట్టే స్క్రైబ్ వస్తాయి. కానీ స్కూల్లో ముందు ఎవరో ఒకరు కనిపెట్టాలి కదా, రెండు రోజుల వర్క్‌షాప్‌లో ఇది వస్తుందా?

ఆత్మహత్య ఆలోచనలున్న పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క, ఆ సంఖ్యని కోర్టే తీర్పులో రాసింది. చచ్చిపోవాలనుంది అని పిల్లాడు అన్నప్పుడు తర్వాతి ప్రశ్న ఏం అడగాలో, ఒంటరిగా వదలకూడదని, ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలో, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలో తెలీని మనిషి "ధైర్యంగా ఉండు నాన్నా" అని క్లాసుకి పంపేస్తే ఆ తర్వాత జరిగేదానికి బాధ్యత ఎవరిది? ఇన్‌ఛార్జ్ మేడందా? ఆమెని అక్కడ కూర్చోబెట్టినవాళ్లది.

క్వాలిఫైడ్ మనుషులు దొరకట్లేదు, ఊళ్లలో అసలే దొరకరు, అప్పటిదాకా పిల్లలకి బాగా తెలిసిన టీచరే నయం కదా అని అధికారులు అంటున్నారు, అందులో కొంత నిజం ఉంది. కానీ "అప్పటిదాకా" అనే మాట ఈ దేశంలో ఎన్నేళ్లు ఉంటుందో మాకు తెలుసు. మా భయం అంతా ఇదే. ఇవాళ ఇన్‌ఛార్జ్‌తో కాలమ్ నిండితే రేపు పోస్టు శాంక్షన్ చెయ్యమని ఫైనాన్స్ వాళ్లని అడిగే మనిషే ఉండడు, ఆల్రెడీ ఉన్నారుగా అంటారు. పోస్టు లేకపోతే యూనివర్సిటీ కోర్సు పెట్టదు, కోర్సు లేకపోతే మనుషులు రారు, మనుషులు లేరు కాబట్టి మళ్లీ ఇన్‌ఛార్జే. ఎంఏ సైకాలజీ గోల్డ్ మెడలిస్టులు హెచ్ఆర్ ఉద్యోగాలకి పోతున్నారంటే ఊరికే పోవట్లేదు. ఒక్కసారి ఈ అలవాటు పడిందా, పదేళ్ల తర్వాత కూడా ఇదే సంపాదకీయం మేం మళ్లీ రాసుకోవాలి.

దూరవిద్యలో సైకాలజీ చెప్పొద్దని యూజీసీ 2025లో ఆపేసింది, మనసుకి సంబంధించిన చదువు ఇంట్లో కూర్చుని పుస్తకం చదివితే రాదని కదా. మరి అదే ప్రభుత్వాల కింద నడిచే స్కూళ్లలో రెండు రోజుల పీపీటీతో కౌన్సిలర్ తయారైపోతాడా? డిగ్రీ ఇచ్చేటప్పుడు ఒక రూలు, పిల్లాడి ముందు కూర్చోబెట్టేటప్పుడు ఇంకో రూలా?

విద్యాశాఖలు చెయ్యాల్సింది రాకెట్ సైన్స్ కాదు. మండలానికి ఒక పోస్టుతో మొదలుపెట్టండి, రెగ్యులర్ జీతంతో, కాంట్రాక్టు కాదు. యూనివర్సిటీల్లో రెండేళ్ల స్కూల్ సైకాలజీ పీజీ పెట్టి ఏడాది పాటు సర్కారు బడుల్లోనే ఇంటర్న్‌షిప్ చేయించండి. టీచర్లకి శిక్షణ ఇవ్వండి, కానీ కనిపెట్టి పంపించడానికి ఇవ్వండి, వైద్యం చెయ్యడానికి కాదు. వీటిల్లో ఒక్కటి కూడా మా వల్ల కాదంటారా, కనీసం ఆ సామాన్ల గదుల మీద వేలాడుతున్న కౌన్సిలింగ్ రూమ్ బోర్డులు పీకెయ్యండి, లోపల తమ కోసం ఎవరో ఉన్నారని పిల్లలు నమ్ముతున్నారు.